సెలవులు దాటి వచ్చిన బొంత

ఆ వీధిలో ఆమెను అందరూ బొంతలక్క అనేవాళ్లు. బొంతలు కుట్టక ముందు ఆమె చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. చేరిన రోజు నుంచి ఫ్యాక్టరీ మూతపడిన రోజు దాకా కాలర్లే. చొక్కా మొత్తం కుట్టిన పాపాన పోలేదు. "నా చేతి చలవతో ఊళ్లో మగాళ్లందరి మెడలూ నిటారుగా నిలబడ్డాయి గానీ, చేతులు ఎలా కుడతారో మాత్రం నాకు తెలీదు" అని నవ్వేది.

భర్త పార్సిళ్ల లారీ నడుపుతాడు. వెళ్తే ఎప్పుడొస్తాడో చెప్పలేడు, వస్తే ఎంతసేపుంటాడో చెప్పలేడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఒక వానాకాలం ఆమె భర్త పాత చొక్కాలన్నీ బయటికి తీసింది. చిరిగినచోట వదిలేసి, బాగున్నంత మేర ముక్కలు కోసి, లోపల దూది పరిచి బొంత కుట్టుకుంది. ఆ చలికాలమంతా అదే కప్పుకుని పడుకుంది. ఆయన ఇంటికొచ్చి దాన్ని చూసి కంగారుపడ్డాడు.

"ఇదేం పనే? బతికున్న మనిషిని ముక్కలు చేసి కప్పుకున్నావు!"

"మనిషి ఇంట్లో ఉంటే చొక్కాల జోలికి నేనెందుకు పోతాను?"

మర్నాడు ఆయన వెళ్తూ, ఒంటిమీదున్న చొక్కా విప్పి కుర్చీ మీద పెట్టి, వేరేది తొడుక్కుని వెళ్లాడు.

ఆ బొంత ఫోటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టింది ఆడపడుచు. పై అంతస్తులోనే ఉంటుంది, కళ్లజోళ్ల షాపులో పని. నోటికి పదునెక్కువ, మనసు వెన్న. ఆమె పెట్టిన ఆ ఒక్క ఫోటోతో బొంతలక్క జీవితం మారిపోయింది. ఎక్కడెక్కడి వాళ్లో బట్టలు పంపడం మొదలుపెట్టారు. పోయిన తండ్రి కోట్లు, ఎదిగిపోయిన పిల్లల గౌన్లు, విడిపోయిన స్నేహితురాలి స్వెట్టరు. వచ్చినవన్నీ ఉతికి ఆరేసి, ఏ రంగు పక్కన ఏది కుదురుతుందో చూడటానికి మంచం మీద పరిచేది. ఎప్పుడూ ఆయన పడుకునే వైపే పరిచేది. ఆ రెండు గదుల ఇంట్లో ఖాళీగా ఉండే చోటు అదొక్కటే.

ఆమెకో అలవాటు ఉండేది. కోట్లకూ చొక్కాలకూ ఉన్న జేబుల్ని కోసేసేది కాదు. వాటిని అలాగే బొంత మీదకి తెచ్చేది. కొన్నవాళ్లకు అదే నచ్చేది.

సంవత్సరం చివర సెలవుల ముందు మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది. అందరికీ సెలవుల్లోపే కావాలి. వస్తువు కింద "ఫలానా రోజుకల్లా మీ ఇంట్లో" అని ఒక తేదీ కనిపించేది. అది ఆమె వేసింది కాదు, అమ్మిపెట్టే ఆన్‌లైన్ కంపెనీ కంప్యూటరు తనంతట తాను వేసేది. మాటిచ్చేది కంప్యూటరు, మాట పడేది ఈమె.

ఆ ఏడాది సెలవులకు చాలా ముందే ఒకాయన దగ్గర్నుంచి పెద్ద మూట వచ్చింది. తాళాలు బాగుచేసే ఆయన. భార్య పోయింది. మూటలో ఆమె బట్టలు, పైన చిన్న చీటీలో ఫోన్ నంబరు. ఇలాంటివి మెసేజీల్లో మాట్లాడే సంగతులు కావని బొంతలక్క ఫోన్ చేసింది.

"ఇద్దరాడపిల్లలమ్మా. హాస్టల్లో ఉంటారు. సెలవులకొచ్చేసరికి కావాలి" అన్నాడాయన.

"ఇద్దరన్నారు కదండీ, రెండు చిన్నవి కుట్టనా?"

"వద్దమ్మా. వచ్చినప్పుడు ఇద్దరూ ఒక మంచం మీదే పడుకుంటారు. ఒకటి చాలు. అన్నీ పంపేశాను, ఇంకేం మిగల్లేదు."

"పిల్లలకు చెప్పారా?"

"చెప్తే ఇంకేముంది? చూసి ఆశ్చర్యపోవాలి."

ఆమె ఇంకో మాట అడగబోయి ఊరుకుంది. వేరేవాళ్ల ఇంటి సంగతి.

ఆ బట్టల్లో ఒక ఊదారంగు కోటు ఉంది. మోచేతుల దగ్గర అరిగి మెత్తబడింది. దాన్ని బొంత నడిమధ్యకు తెచ్చి, చుట్టూ పూల గౌను ముక్కలు అతికించింది. కుట్టు పూర్తయ్యాక గుడ్డసంచిలో పెట్టి, మూతిని ఊదారంగు దారంతో కుట్టేసింది. కొరియర్‌కి ఇచ్చిన రోజున సెలవులకింకా బోలెడు వ్యవధి ఉంది.

అప్పుడొచ్చింది గాలివాన. పెద్ద రోడ్డు మీద వంతెన కొట్టుకుపోయింది. అసలే సెలవుల రద్దీ, పైగా ఇది. గోరుచుట్టు మీద రోకలిపోటు. ఊరి బయట కొరియర్ గోడౌన్‌లో పార్సిళ్లు కొండల్లా పేరుకుపోయాయి. ఫోన్‌లో చూస్తే ప్రతి పార్సిల్‌కూ ఒకటే మాట, దారిలో ఉంది. భర్తకు ఫోన్ చేస్తే ఆయనదీ అదే మాట. "దారిలో ఉన్నానే. వంతెన ఇవతల వరసలో నిలబెట్టారు. కదలనివ్వట్లేదు."

"మా అన్నయ్యా, నీ పార్సిళ్లూ ఒక్క బళ్లోనే చదువుకున్నట్టున్నారు వదినా" అంది ఆడపడుచు. కొన్నవాళ్లకు జవాబులు రాసేది తనే. షాపు నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా కూర్చునేది.

"ఈయన చూడు, మాట నిలబెట్టుకోవడం రాదా అంటున్నాడు. ఈవిడ మూడు పూటలా ప్రశ్నార్థకాలు పంపుతోంది, మందులేసుకున్నట్టు. ఏం రాయను? బొంతకి రెక్కలు కుట్టడం మర్చిపోయామని రాయనా?"

"మర్యాదగా రాయవే. వాళ్లెదురుచూపులు వాళ్లవి."

"నీ ఎదురుచూపులకి ఎవరు మర్యాదగా రాస్తున్నారు?"

బొంతలక్క మిషన్ ముందుకెళ్లి కూర్చుంది.

తాళాలాయన మాత్రం ఒక్క పరుషమైన మాట అనలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. "పిల్లలొచ్చారమ్మా" అని ఒక రోజు రాశాడు. "రేపైనా వస్తుందంటారా?" అని ఇంకో రోజు. సెలవులు వచ్చాయి, వీధంతా పిల్లల గోల, ఎదురింటికి చుట్టాలు. భర్త రాలేదు. చివరికి తాళాలాయన రాశాడు: "పిల్లలు ఎల్లుండి పొద్దున వెళ్లిపోతున్నారు. మీ తప్పేం లేదమ్మా."

అది చదివాక ఆమెకు కాలు నిలవలేదు. తెల్లారగానే బస్సెక్కి గోడౌన్‌కి వెళ్లింది. గేటు దగ్గర కాపలాదారు ఆపాడు.

"ఇక్కడ అందరివీ అర్జెంటేనమ్మా. నిన్న ఒకాయన పెళ్లికూతురి చెప్పుల కోసం వచ్చాడు. పెళ్లి అయిపోయి రెండ్రోజులయిందంట."

"చెప్పులైతే నేనూ రాకపోదును బాబూ. అవి మళ్లీ కొనుక్కోవచ్చు. ఇది దొరక్కపోతే మళ్లీ కుట్టడానికి ఆ బట్టలు లోకంలో లేవు."

ఆయన కాసేపు ఆమె ముఖంలోకి చూసి, లోపల్నుంచి సూపర్‌వైజర్‌ని పిలిచాడు. ఆ సూపర్‌వైజరమ్మ కూడా ఇల్లు చూసి చాన్నాళ్లయినట్టుంది, కళ్ల కింద నల్లటి చారలు. అట్టపెట్టెల మధ్య గుడ్డమూట, దాని మీద ఊదారంగు కుట్టు అని బొంతలక్క చెప్పగానే, "అట్టపెట్టె కాకపోవడమే నయం, కనిపిస్తుంది" అంది. ఇద్దరూ కలిసి వెతికారు. నడుములు పడిపోయే వేళకు ఒక బరువైన పెట్టె కింద నలిగి, ఒక మూల తడిసి, దొరికింది.

"చేతికివ్వకూడదు. కానీ పంపింది మీరే కాబట్టి, పంపినవాళ్లకే వాపసు ఇచ్చినట్టు రాస్తాను. ఆ తర్వాత మీరేం చేసుకుంటారో నాకు తెలీదు" అంది సూపర్‌వైజర్.

తడిసిన మూలను ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, మర్నాడు మొదటి బస్సులో బయలుదేరింది. వంతెన లేదు కాబట్టి చుట్టుదారి. తాళాలాయనకు ఫోన్ చేస్తే, "ఇంటికొద్దమ్మా, బస్టాండుకే వచ్చెయ్యండి, పిల్లలు ఎక్కే వేళైంది" అన్నాడు.

బస్టాండులో ఆయన్ని గుర్తుపట్టడం కష్టం కాలేదు. నడుముకి తాళాలగుత్తి, రెండు చేతుల్లో రెండు పెట్టెలు. పక్కన చిన్నపిల్ల ఆయన చొక్కా పట్టుకుని నిలబడింది. పెద్దపిల్ల దూరంగా, వీళ్లెవరో తనకు తెలియనట్టు నిలబడింది. బొంతలక్క మూట విప్పి, బెంచీ మీద బొంత పరిచింది.

పెద్దపిల్ల దగ్గరకొచ్చింది. నడిమధ్య ఊదారంగు చూసింది.

"ఇది అమ్మ కోటు" అంది. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "అమ్మ కోటు కోయించావా?"

"మీ ఇద్దరికీ అనమ్మా..."

"ఇంటికి రాగానే బీరువా తెరిచాను. ఖాళీగా ఉంది. అమ్మ బట్టలేవని అడిగితే 'వస్తాయి, ఆగు' అన్నావు. ఎక్కణ్నుంచి వస్తాయి? ఎవరికో ఇచ్చేశావనుకున్నాను. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ ఆ బీరువా వాసన కోసమే..."

"సెలవులన్నాళ్లూ నాతో మాట్లాడలేదమ్మా" అన్నాడు తాళాలాయన బొంతలక్కతో, మెల్లగా. "ఇవాళొస్తుంది, ఇవాళొస్తుందని నేనూ చెప్పకుండా ఉండిపోయాను."

బొంతలక్క ఎన్నో బట్టలు కోసింది గానీ, కోసినందుకు ఏడ్చేవాళ్లుంటారని ఆమెకెప్పుడూ తట్టలేదు. చిన్నపిల్ల మాత్రం కోటు జేబులో చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. "ఇది నిజం జేబే" అంది.

బస్సు వచ్చింది. బొంతను చిన్నపిల్లే పొట్లంలా చుట్టుకుని ఎక్కింది. పెద్దపిల్ల అవతలి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు మలుపు తిరిగేదాకా తండ్రి చెయ్యి ఊపాడు. తర్వాత ఆయన, "భోంచేసి వెళ్లండమ్మా" అన్నాడు. ఆమె వద్దంది.

తిరుగు ప్రయాణంలో భర్తకు ఫోన్ చేసింది.

"గొంతు అలా ఉందేం?"

"ఏం లేదండీ. కుట్టు బాగానే వచ్చింది. కుట్టాల్సింది కాదేమో అనిపిస్తోంది."

ఆయన వెనక ఏదో లారీ హారన్ వినిపించింది. "నేనొచ్చాక చెప్దువుగాని" అన్నాడు. సెలవులన్నీ అయిపోయాక వచ్చాడు. గడ్డం పెరిగి, దగ్గుతూ. స్నానం చేసి నిద్రపోయాడు. ఆయన స్నానం చేస్తుండగానే మంచం మీద ఆయన వైపున్న బట్టలన్నీ తీసేసిన ఆమె, నిద్రపోతున్న మనిషిని చూస్తూ కూర్చుంది. చెప్పాలనుకున్నది చెప్పేలోపే మళ్లీ పిలుపొచ్చింది, వెళ్లిపోయాడు.

చలి తగ్గుతున్న రోజుల్లో తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. తాళాలాయన పెద్దకూతురు. నాన్న దగ్గర నంబరు తీసుకుందట.

"ఆంటీ, చెల్లి ఆ బొంత నాకు ఇవ్వట్లేదు. హాస్టల్లో మా మంచాలు పక్కపక్కనే, అది నిద్రపోయాక మెల్లగా నా వైపు లాక్కుంటున్నాను. పొద్దున్నే పోట్లాట. ఇంకోటి కుట్టగలరా?"

"బట్టలు కావాలి కదమ్మా."

"అన్నీ మీకే పంపేశాడట నాన్న."

బొంతలక్క ఆలోచించి అంది: "పోనీ పంపించు తల్లీ. మధ్యకి విడదీసి రెండు చేస్తాను. నీకొకటి, చెల్లికొకటి."

"వద్దాంటీ." జవాబు వెంటనే వచ్చింది. "ఇంకొకసారి కత్తెర పెట్టొద్దు. మేమే ఎలాగో సర్దుకుంటాం."

ఆ తర్వాత బొంతలక్క పద్ధతి మార్చుకుంది. ఇంట్లో అందర్నీ అడిగారా అని తెలుసుకోకుండా కత్తెర పట్టేది కాదు. సెలవుల వేళ దగ్గరపడుతుంటే ఆర్డర్లు ఆపేసేది. "కంప్యూటరు ఏ తేదీ చెప్పినా నమ్మకండి, అందినప్పుడే అందుతుంది" అని ఆడపడుచు చేత రాయించింది. కొందరు మానేశారు. కొందరు అందినప్పుడే చాలన్నారు.

మరుసటి ఏడాది సెలవులకూ భర్తకు తీరిక దొరకలేదు. ఆ మాట చెప్పడానికి ఆయన ఫోన్ చేస్తే, ఆమె ఒకటే అడిగింది. "లారీ ఎక్కడ ఆపుతారు?"

"ఎందుకే?"

"ముక్కూ మొహం తెలీని పిల్లల కోసం చుట్టుదారిన బస్సెక్కి పోయాను. మీ దగ్గరికి రాలేనా?"

భోజనం డబ్బా పట్టుకుని, బస్సులు మారి, లారీలు ఆగే పెద్ద మైదానానికి చేరింది. ఎక్కడ చూసినా ఒకేరకం లారీలు. ఆయనే దూరం నుంచి చూసి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ లారీ ముందు సీట్లో కూర్చుని తిన్నారు. ఆమెకు అన్నాళ్లూ దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. బస్టాండు సంగతి మొదలుపెట్టి, పెద్దపిల్ల ఫోన్ దాకా వచ్చింది. ఆయన తినడం ఆపి విన్నాడు.

"సర్దుకుంటాం అందా?"

"అంది."

"మనలాగే" అన్నాడు.

అంతలో బయట ఎవరో లారీ నంబరు పిలిచారు. ఆయన బయలుదేరే వంతు వచ్చింది. డబ్బా మూత పెట్టి ఆమె చేతికిచ్చి, జాగ్రత్తగా కిందికి దింపాడు.

"ఇంటికెళ్లాక ఫోన్ చెయ్యి."

"మీరు ఇంటికొస్తే ఫోనెందుకండీ?"

ఆయన నవ్వి, కిటికీలోంచి చెయ్యి చాపి, ఆమె భుజం మీద పడ్డ దారప్పోగు తీసేశాడు. లారీ కదిలింది. గేటు దాటి రోడ్డెక్కి, మిగతా లారీల్లో కలిసిపోయింది. వెనకనున్న డ్రైవరు హారన్ కొడితేగానీ, తను దారికి అడ్డంగా నిలబడి ఉన్నానని ఆమెకు తెలియలేదు.