గరిటె ఆపకూడని రోజు

వెస్ట్‌మీడ్ స్టేషన్ వెనక ఇటుక ఫ్లాట్లలో మూడో అంతస్తుకి నేను వెళ్ళింది గంట పని అనుకుని. పార్కింగ్ రెండు గంటలే. అది చూసుకునే వెళ్ళాను.

లైబ్రరీలో నాది కాంట్రాక్టు ఉద్యోగం. వలస వచ్చినవాళ్ళ పండగలూ పాటలూ వీడియో తీసి దాచిపెట్టడం పని. చరిత్రలో ఎమ్మే చేసి, ఈ దేశంలో పదిహేనేళ్ళు సూపర్‌మార్కెట్ కౌంటర్లోనూ కాల్‌సెంటర్లోనూ వెళ్ళబుచ్చాక, నా చదువుకి తగ్గట్టు దొరికిన మొదటి పని. జూన్‌తో ఆఖరు. పొడిగించాలంటే ఉజ్బెక్ వాళ్ళ కొత్త సంవత్సరం, మార్చిలో వచ్చే నవ్రూజ్ పండగ వీడియో ఒక్కటి తేవాలి. ఫారంలో ఒక షరతు కూడా ఉంది: సంప్రదాయం తెలిసిన మనిషి చేతులు వీడియో మొదట్నుంచి వంట దించేదాకా కనపడాలట. అది రాసినవాడు జన్మలో పొయ్యి దగ్గర నిలబడి ఉండడు.

తలుపు తీసిన ఆంటీకి డెబ్బై దాటాయి. ఉజ్బెక్ దేశంలోని ఫెర్గానా నుంచి కొడుకు దగ్గరికి వచ్చింది. కొడుకు పనిమీద పెర్త్‌లో ఉన్నాడు, కోడలు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆంటీ మాట సగం ఇంగ్లీషు, సగం పాత హిందీ సినిమాల్లోంచి ఏరుకున్న హిందీ. నా హిందీ కన్నా ఆవిడదే నయం.

ఆ రోజు వండేది సుమలక్. నవ్రూజ్‌కి అదే ముఖ్యం. గోధుమలు నానబెట్టి, మొలకెత్తించి, రుబ్బి, పాలు పిండి, అందులో గోధుమపిండి, నూనె కలిపి ముదురు బెల్లం రంగు వచ్చేదాకా ఉడికిస్తారు. చిటికెడు పంచదార ఉండదు, తీపంతా మొలకలదే. అడుగంటకుండా గిన్నెలో కడిగిన గులకరాళ్ళు వేస్తారు. దించేదాకా గరిటె ఆగకూడదు. వాళ్ళ ఊళ్ళో అయితే వీధిలో ఆడవాళ్ళంతా చేరి, పాడుకుంటూ వంతులేసుకుని తిప్పుతారు. ఇక్కడ ఆంటీ పొద్దున ఆరింటి నుంచి ఒక్కతే తిప్పుతోంది. పది గంటలకి తెలిసినవాళ్ళు ముగ్గురు రావాలి.

నేను ఫోన్‌ని పొయ్యి పైన అల్మారాకి బిగించాను.

"ఆంటీ, మీ చెయ్యి పక్కకి పోతోంది. ఫ్రేములో ఉండాలి."

"నా చెయ్యి గిన్నెలో ఉండాలి, ఖిజిమ్," అంది. ఖిజిమ్ అంటే అమ్మాయీ అని. నాకు యాభై రెండు.

పది దాటింది. ఒకామె పిల్లాడికి జ్వరమని ఫోన్ చేసింది. రెండో ఆమెకి డ్యూటీ మారింది. మూడో ఆమె ఫోనే ఎత్తలేదు. పదకొండున్నరకి ఆంటీ భుజం పట్టేసింది. గరిటె నా చేతిలో పెట్టింది. ఇచ్చింది అనను, పెట్టింది.

"నేను వీడియో తియ్యడానికొచ్చాను ఆంటీ. నేను తిప్పితే చెల్లదు."

"ఎవరికి చెల్లదు?"

"లైబ్రరీకి."

"లైబ్రరీ తింటుందా?"

"పోనీ అయిదు నిమిషాలు పొయ్యి ఆపుదాం."

"ఆపితే గడ్డకడుతుంది. ఎనిమిది రోజుల మొలకలు. మళ్ళీ వచ్చే ఏడే."

నేనూ తక్కువ తినలేదు, వాదించాను. వాదిస్తూనే తిప్పాను, అదే నేను చేసిన తప్పు. తిప్పే మనిషి మాట ఎవరు వింటారు? ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, ఇటు గీకు, అటు గీకు అని మొదలుపెట్టింది. ఇరవై ఆరేళ్ళ క్రితం పెళ్ళయిన కొత్తల్లో మా అత్తగారు ఇలాగే కూర్చునేవారు.

వంటింట్లో ఆవిరి. కిటికీ తోశాను. బెత్తెడు తెరుచుకుని ఆగిపోయింది. పిల్లలు పడిపోకుండా ఇక్కడ అన్ని ఫ్లాట్లకీ అలాగే బిగిస్తారు.

"అంతే వస్తుంది. నా తల పట్టదు, చూశాను," అంది ఆంటీ, మామూలుగా.

అప్పుడు చెప్పింది. ఆవిడ వీసాకి పెట్టి నాలుగేళ్ళవుతున్నా తేలలేదు. మధ్యలో దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదోనని కొడుకు భయం. మెట్లు దిగడానికి మోకాళ్ళు ఒప్పుకోవు. మూడు నవ్రూజ్‌లు ఈ కిటికీ దగ్గరే గడిచాయి, వండకుండా. ఈసారి వండి చూపిస్తానని ఫెర్గానాలో ఉన్న అక్కకి మాటిచ్చింది. వచ్చే నెల వీళ్ళ కాపురం పెర్త్‌కి మారుతుంది.

మా ఆయన ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాను, చెయ్యి ఖాళీ లేదుగా.

"గంటన్నావు?"

"గిన్నె దగ్గరున్నాను. అత్తయ్యగారికి అన్నం పెట్టండి."

"కుక్కరెక్కడుంది?"

"ఇల్లు కొన్నప్పట్నుంచి ఎక్కడుందో అక్కడే."

ఆంటీకి తెలుగు రాదు. అయినా నవ్వింది.

ఒంటిగంటకి నాకో ఉపాయం తట్టింది. గంటకోసారి ఆవిడ గరిటె పట్టుకుంటే ఆ ముక్కలు అతికించి పంపొచ్చు. ఎవడు చూడొచ్చాడు? నా ఉద్యోగం నిలబడుతుంది. ఆవిడ పాపం లేచి పట్టుకుంది. ఒక చుట్టు తిప్పింది. రెండోదానికి మోచెయ్యి లేవలేదు. పెదవి కొరుక్కుని ఫోన్ వైపు చూసింది, ఈపాటి చాలునా అన్నట్టు. గరిటె లాక్కున్నాను. వీడియోలో ఆవిడ చేతులు మళ్ళీ లేవు. మిగతా అయిదు గంటలూ నా గాజులే.

ఆరింటికి చిక్కబడింది. ఆంటీ మూతపెట్టి, దుప్పటి కప్పి, ఏడున్నర దాకా ముట్టుకోనివ్వలేదు. కోడలు డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చకుండా నేలమీదే కూలబడి ఒక గిన్నెడు తిన్నది. అక్కడ ఫెర్గానాలో మధ్యాహ్నం. ఆంటీ ఫోన్‌లో అక్కకి గిన్నె చూపించింది, తర్వాత నన్ను చూపించింది. అక్క ఏదో అడిగింది.

"ఏమంటున్నారు?"

"మరీ పల్చగా ఉండగానే దించేశావేమోనంటోంది."

నా వాటాలో గులకరాయి వచ్చింది. అలా వస్తే ఏదైనా కోరుకోవాలట. అన్ని గంటలు నిలబడ్డ మనిషి కోరుకునేదేముంటుంది? కూర్చున్నాను. కిందకి దిగితే కారు అద్దానికి జరిమానా కాగితం.

వీడియో ఉన్నదున్నట్టు పంపాను. సంప్రదాయం తెలిసిన వ్యక్తి అన్నచోట ఆంటీ పేరే రాశాను. కనిపించే చేతులు ఆ సమాజానికి చెందినవి కావు కాబట్టి స్వీకరించలేమని జవాబొచ్చింది. గరిటె తిప్పేవాళ్ళంతా డ్యూటీల్లో ఉంటే సమాజం ఎక్కడినుంచి వస్తుందని రెండు పేజీలు రాశాను. దానికి జవాబు రాలేదు. జూన్‌లో నా బల్ల ఖాళీ చేశాను.

ఇప్పుడు మళ్ళీ మార్చి. ఆంటీ పెర్త్ శివార్లో, పియారా వాటర్స్‌లో ఉంది. ఇల్లు కిందే, మెట్లు లేవు, కానీ భుజం పూర్తిగా పోయింది. మా లాండ్రీ గదిలో మూడు పళ్ళాల నిండా గోధుమలు. ఎవరు చెప్పారు నాకు? రోజూ పొద్దున వీడియో కాల్‌లో ఆవిడకి చూపించాలి.

"పచ్చబడుతోంది. చేదొస్తుంది. గుడ్డ కప్పు."

"అది లైటు రంగు ఆంటీ."

"నాకు కళ్ళు పోలేదు, ఖిజిమ్."

ఇంట్లో అత్తగారు, వరండాలో ఆయన, లాండ్రీలో గోధుమలు. ఒకరిని వదిలి ఇంకొకరి దగ్గరికి తప్ప ఇల్లు దాటి పోయేది లేదు. నిన్న విసుగొచ్చి అన్నాను: "ఆదివారం నేను తిప్పుతుంటే మీరు అక్కడ ఊరికే చూస్తూ కూర్చోకండి, రికార్డు చెయ్యండి."

"దేనికి?" అంది. "నీకు వచ్చుగా."

ముగ్గురు ఆడవాళ్ళు పది గంటలకి వస్తామన్నారు. చూడాలి.