సగం గింజలు, సగం కాపలా

మా అత్త ఐలవ్వ పోయినప్పటి నుంచి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉన్నది. ఆమె ఉంటే ఈ నిశ్శబ్దాన్ని కూడా తిట్టేది.

మాది కొండగట్టు దిక్కు పల్లె. పడుచుతనంలోనే పెనిమిటి పోతే ఆమెకు కొడుకూ, గొర్ల మందా మిగిలాయి. పంట కోశాక రైతులు మందను తమ చెలకల్లో పెట్టించుకునేవాళ్లు. రాత్రి గొర్లు పడుకుంటే చేనుకు ఎరువు, మాకు గింజలు. ఆ గింజలే మా బతుకు.

ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటి ఏడు నేను కాపురానికి వచ్చాను. అప్పుడే తోడేళ్లు మందకు మరిగాయి. ఉన్న కుక్కను చంపాయి. తడకలు ఎంత గట్టిగా కట్టినా సందు చూసుకుని గొర్రెపిల్లలను ఎత్తుకుపోయేవి. కాపలాకు మా ఆయన ఒక్కడే. అటు తిరిగితే ఇటు వచ్చేవి.

మందలో అత్త మరిది కొండలుకూ పాలున్నది. ఆయన వచ్చి, "వదినె, ఇంకొక్కటి పోయిందంటే కటికాయనకు తోలుడే. నువ్వూ కోడలూ కూలికి పోండ్రి" అన్నాడు. చచ్చిన గొర్రెలో మందు పెట్టమని కొందరు చెప్పారు. ఊరి కుక్కలు చస్తాయి గానీ తోడేలు చావదని అత్త ఒప్పుకోలేదు.

మర్నాడు లక్ష్మీరాజం పటేలు మంద పెట్టమని వచ్చి, ఎప్పటిలాగే గింజలు తగ్గించమన్నాడు.

"సగమే ఇయ్యి పటేలా. మిగిలిన సగానికి నువ్వే వచ్చి కాపలా పండు" అన్నది అత్త.

"నేనా? గొర్ల నడుమనా?"

"చేను నీది. నీ చేన్లకు తోడేలొస్తే సుట్టం నీకే గద."

సగం మిగులుతుందన్న ఆశకు పటేలు ఒప్పుకున్నాడు. అన్నదమ్ములను వెంటేసుకుని వచ్చి, మంట రాజేసి, భయానికి తెల్లవార్లూ పాటలు పాడాడట. తోడేలు రాలేదు, గొర్లు కూడా పండలేదని అత్త ఊరంతా చెప్పి నవ్వింది.

అప్పటి నుంచి అదే కరారు. ఎవరి చేన్లో మంద ఉంటే ఆ ఇంటివాళ్లే మంట దగ్గర ముచ్చట్లు పెట్టుకుంటూ కాపలా కాసేవాళ్లు. మా ఇంట్లో అంబలి పలచబడింది గానీ మంద తగ్గలేదు.

గింజలు సగమైనందుకు చిన్నమామ కొండలుకు కోపం వచ్చింది. అమ్ముడే మేలని కటికాయనకు కబురు పెట్టాడు. అమ్మేలోపు ఎరువైనా దక్కుతుందని, మూడు రాత్రులు తన చెలకలో మంద పెట్టమన్నాడు.

"పెడ్తా. కాపలాకు నువ్వు రావాలె మరి" అన్నది అత్త.

రెండో రాత్రి తోడేలు వచ్చింది. మండే కట్టె పట్టుకుని చిన్నమామ వెంటపడితే, నోట కరిచిన గొర్రెపిల్లను వదిలేసి పోయింది. పొద్దున ఆయన ఆ పిల్లను చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఇల్లు మారినకొద్దీ తోడేలు పెరిగి, మా వాకిట్లోకి వచ్చేసరికి దూడంత అయింది.

అదే పూట కటికాయన దిగాడు. గొర్ల నడుములు ఒత్తి చూస్తూ, ఆ పిల్ల మీదా చెయ్యి వేశాడు. చిన్నమామ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టకు. తోడేలు నోట్లకెల్లి గుంజుకొచ్చిన. నీకిస్తనా?"

"మరి కడమ గొర్లు?"

చిన్నమామ మంద వంక చూశాడు. "నా చెలకల ఇంకో రాత్రి ఉన్నది. నువ్వు పో."

ఎండన పడి వచ్చాడని అత్త కటికాయనకు ఇన్ని చల్ల పోసి సాగనంపింది. ఆ తర్వాత మంద ఎవరి చేన్లో ఉన్నా, చిన్నమామ గొంగడి భుజాన వేసుకుని పిలవకముందే పోయేవాడు.