తొండం లేని ఏనుగు

వీధి మలుపులో చెక్కబల్ల వేసుకుని తాళంచెవులు చేసే మనిషికి రెండు విషయాల్లో మహా గర్వం. అసలు చెవి ఎదురుగా లేకుండా, ఉత్త అచ్చు చూసి ఇంకో చెవి చెయ్యడం అతని ఇంటావంటా లేదు. అది దొంగలకి పనికొచ్చే విద్య అని తిట్టి పంపేసేవాడు. రెండో గర్వం అతని పిల్లలు. ఏడేళ్ల కూతురు, నాలుగేళ్ల కొడుకు ఇంట్లో ఏమన్నా సరే, మర్నాటికల్లా అది బల్ల దగ్గర కథ అయిపోయేది. ఒకపక్క చేతిలో ఆకురాయి ఆడుతుంటే, ఇంకోపక్క నోరు ఆగేది కాదు.

"నిన్న మావాడు పళ్లు తోముకోనని మొండికేశాడండీ. ఎందుకురా అంటే, 'ఇవి ఎలాగూ ఊడిపోతాయని అక్క చెప్పిందిగా, కొత్తవి వచ్చాక తోముతాలే' అంటాడు!"

నిలబడ్డవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. వాళ్లు నవ్వితే ఇతను ఇంకా రెచ్చిపోయేవాడు. బడి నుంచి పిల్లలు మూడింటికి వస్తారని, తల్లి కుట్టుపని ముగించుకుని వచ్చేసరికి ఆరవుతుందని, అందాకా ఇంటి పెత్తనమంతా పెద్దదానిదేనని చెప్పేవాడు. తాళంచెవి దాని మెళ్లోనే తాడుకి ఉంటుందట. "అమ్మా తల్లీ, తప్పిపోకే" అని రోజూ ఆ చెవిని బుజ్జగిస్తుందట. మురిసిపోతూ ఎవరి ముందు ఏం చెబుతున్నాడో చూసుకునేవాడు కాదు, పిచ్చి తండ్రి.

ఆ వారం కొత్తగా ఒకతను రావడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. అందరికంటే బాగా నవ్వేవాడు. బాగున్నవి మళ్లీ చెప్పించుకునేవాడు. గురువారం పొద్దున అతను ఒక అగ్గిపెట్టె తెరిచి బల్ల మీద పెట్టాడు. లోపల ఆకుపచ్చ బంకమట్టి, దాని మీద తాళంచెవి అచ్చు.

"మా అమ్మకి మతిమరుపండీ. చెవి ఇమ్మంటే ఇవ్వదు, పసిపిల్లలా ఏడుస్తుంది. పిల్లలున్నవాళ్లు, మీకు తెలియనిదేముంది?"

తాళాల మనిషి కాసేపు తటపటాయించాడు. ఇంత బాగా నవ్వేవాడిని కాదనడానికి నోరు రాలేదు. పావుగంటలో చేసిచ్చాడు. ఆ చెవి పళ్ల వరసని ఎక్కడో చూసినట్టు అనిపించింది గానీ, రోజూ చూసే చెవులు ఎన్నని!

ఆ సాయంత్రం పని తొందరగా తెమిలి ఐదింటికే ఇల్లు చేరేసరికి కొడుకు గుమ్మంలో మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ముందర ఆకుపచ్చ మట్టి ఏనుగు.

"తొండం ఏదిరా?"

"లేదు."

"తొండం లేకపోతే ఏనుగెలా అవుతుంది? పంది అవుతుంది."

"నువ్వే పంది. దాని తొండానికి దాచుకున్న ముద్ద మామ తీసుకెళ్లాడు. ఇంకా తేలేదు."

"ఏ మామ?"

లోపల్నుంచి కూతురు పరుగున వచ్చి తమ్ముడి నోరు మూసింది. "చెప్పకూడదురా! నాన్నకి సర్‌ప్రైజ్ అన్నాడుగా!"

నవ్వబోయిన తండ్రికి నవ్వు రాలేదు. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగాడు. నిన్న మెట్ల మీద ఆడుకుంటుంటే వచ్చాడట. పాపం తాళంచెవికి నిద్రొస్తోంది, జోకొడదామన్నాడట. పరుపు కావాలని తమ్ముడి ముద్ద అడిగి, దాని మీద చెవిని పడుకోబెట్టి గట్టిగా నొక్కాడట.

"తెలియనివాళ్లతో మాట్లాడొద్దని చెప్పానా లేదా?"

"తెలిసినవాడే నాన్నా! తమ్ముడి పళ్ల సంగతి కూడా తెలుసు. నువ్వు చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?"

తండ్రి గోటి సందులో, పొద్దున అచ్చు పట్టుకున్నప్పుడు అంటిన ఆకుపచ్చ మరక ఇంకా పోలేదు. కూతురి మెళ్లోని చెవిని వేళ్లతో తడిమి చూశాడు. పొద్దున తాను ఒక్కొక్కటే కోసిన పళ్లే. ఎవరి తాళమైనా ఇట్టే పోల్చుకునే మనిషి సొంతింటిది పోల్చుకోలేకపోయాడు.

భార్య వచ్చేలోపు తలుపుకి తాళం మార్చేశాడు. పాతది అరిగిపోయిందని ఆమెతో అబద్ధమాడాడు. పోలీసుల దగ్గరికి వెళ్లాలంటే, ఆ చెవి చేసిచ్చింది తానేనని కూడా ఒప్పుకోవాలి. దానికి ధైర్యం చాలలేదు.

మర్నాడు బడి వదలగానే పిల్లలిద్దర్నీ తెచ్చి బల్ల వెనక కూర్చోబెట్టుకున్నాడు. "ఏంటి, ఇవాళ మీవాడి కబుర్లేమీ లేవా?" అని వచ్చినవాళ్లు అడిగారు.

"లేవండీ," అన్నాడు తలెత్తకుండా.

నాలుగు దాటాక బల్ల మీద టక్కున తాళంచెవి పడింది. అదే ఇస్త్రీ చొక్కా, అదే మెత్తటి గొంతు.

"ఇది తిరగడం లేదండీ. ఇప్పుడే వేసి చూసి వస్తున్నాను. కాస్త సరిచేస్తారా?"

ఇప్పుడే వేసి చూశాడట. పిల్లలు రోజూ ఒంటరిగా ఉండే వేళకి, ఆ గుమ్మంలో నిలబడి. తండ్రి కేకెయ్యబోయాడు. ఈలోగా బల్ల కింద నుంచి కొడుకు తల బయటపెట్టాడు.

"మామా, నా తొండమేది? ఆ చెవి పట్టదు. నాన్న నిన్ననే తాళం మార్చేశాడుగా!"

అతను కంగారేమీ పడలేదు. జేబులోంచి ఆ బంకమట్టి అగ్గిపెట్టె తీసి వాడి చేతిలో పెట్టి, బుగ్గ నిమిరాడు.

"మీరు చెప్పినదానికంటే ముద్దొస్తున్నాడండీ," అని, తండ్రి కళ్లలోకి చూసి ఎప్పటిలాగే హాయిగా నవ్వాడు.