పేరు రాయొద్దన్న గాలయ్య

బుష్రా నకిరేకల్‌లో పుట్టి పెరిగింది. తండ్రి షరీఫ్ అక్కడ దర్జీ. తెలంగాణ వచ్చాక ఆమెకు టీచరు ఉద్యోగం దొరికింది. తిరుమలగిరి దగ్గర ఒక ఊళ్ళో సర్కారు బడి, చెప్పేది సోషల్.

మొదటి ఏడాది ఎనిమిదో తరగతికి 'మా ఊరి చెరువు' మీద ప్రాజెక్టు ఇస్తే, పిల్లలందరూ ఒకే నాలుగు పేరాలు రాసుకొచ్చారు. అందులో ఉన్నది వేరే జిల్లా చెరువు.

"గిది ఎక్కడిది?" అని అడిగింది.

"ఫోన్ల ఉంది మేడం."

"ఫోన్ల ఎవరో రాస్తేనే ఉంటది. ఎవరు రాసిన్రు?"

 మరుసటి ఏడాది ఆమె నియమం పెట్టింది. ఏది రాసినా, అది ఎక్కడ దొరికిందో కింద రాయాలి. పుస్తకమైతే పేరు, పేజీ. మనిషైతే పేరు, ఊరు.

పుష్ప అనే అమ్మాయి గొర్లు కాసే గాలయ్యను అడిగి రాసుకొచ్చింది. ఒక కరువు ఏడాది పై ఊరివాళ్ళు చెరువుకు నీళ్ళు రాకుండా ఆపితే, ఈ ఊరి మగవాళ్ళు పోయి కాలువకు గండి కొట్టారు. గాలయ్య కూడా వాళ్ళలో ఒకడు. కింద 'చెప్పినవారు: గాలయ్య, మా ఊరు' అని ఉంది. బుష్రాకు నచ్చి ఆ కాగితాన్ని వరండా గోడకు అంటించింది. తల్లిదండ్రుల మీటింగుకు వచ్చినవాళ్ళు చదివారు. మాట ఊరంతా పాకింది.

గాలయ్య బడికి వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నా పేరెందుకు రాసిన్రు మేడం?"

"మర్యాద కోసమే రాసినం పెద్దయ్యా. చెప్పింది నువ్వే గదా."

"మర్యాదనే గావొచ్చు. ఎన్కట ఒకపారి పోలీసు ఠాణాల నా పేరు రాసుకున్నరు. అప్పటి సంది ఊర్ల ఏం జరిగినా నన్నే పిలిసేది."

బుష్రా తరగతి వైపు తిరిగింది. పుష్పను పిలిచింది.

"పేరు రాస్త అని తాతకు చెప్పినవా?"

"రాసుకుంట అన్న మేడం. పేరు సంగతి అడగలె."

బుష్రా పిల్లను తిట్టలేదు. పేరు రాయవచ్చా అని అడగమని తను నేర్పనే లేదు. గోడ మీది కాగితం తీసి గాలయ్య చేతికిచ్చింది.

"కథ ఉండనియ్యుండ్రి. అది జరిగిందే. నా పేరొక్కటి తీసెయ్యుండ్రి" అన్నాడతను.

పుష్ప వేరే కాగితం మీద రాసింది: 'చెప్పినవారు: మా ఊరి పెద్ద ఒకరు. పేరు రాయొద్దన్నారు.' గాలయ్య దాన్ని చదివించుకుని విని, పాత కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"ఈ తలనొప్పి ఎందుకమ్మా, చెట్ల గురించి రాయించు" అన్నాడు హెడ్మాస్టరు.  బుష్రా మరుసటి ఏడాది కూడా చెరువే ఇచ్చింది. కాకపోతే పిల్లలను పంపే ముందు రెండు మాటలు అడగడం నేర్పింది: రాసుకోవచ్చా, పేరు పెట్టవచ్చా అని.

కొందరు పేరు వద్దన్నారు. సుక్కమ్మ అనే ముసలామె మాత్రం తన పేరు పక్కన తల్లి పేరు కూడా రాయమంది. పిల్లలకు చెప్పిన ఆ సంగతి తనకు మొదట చెప్పింది తల్లేనట.