కాబోయే కొలతకు కుట్టిన జాకెట్టు

ఆ రోజుల్లో సన్నబడటమంటే తిండి మానేయడమేనని నమ్మేదాన్ని. డిగ్రీలో జీవక్రియ గురించి పది మార్కుల జవాబు బొమ్మతో సహా రాసినదాన్నే. ఆ జవాబును పరీక్ష పేపరు మీదే వదిలేసి వచ్చానేమో, నా ఒంటికి మాత్రం ఒక్క ముక్కా అంటలేదు. ఇప్పుడు మా పాప రెండు ముద్దలు తక్కువ తింటే చాలు, ఫోన్లో పది చోట్ల వెతికి గుండెదడ తెచ్చుకుంటాను. అలాంటి నేను పెళ్ళికి ముందు నా ఒంటితో ఆడిన ఆట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. (నవ్వూ వస్తుంది. కానీ ముందు జలదరింపే.)

కట్టంగూరు దగ్గర మాది నేత ఇల్లు. తెలంగాణ వచ్చిన కొత్తల్లో నాకు పెళ్ళి కుదిరింది, శ్రావణంలో ముహూర్తం. బాపు నా కోసం పట్టుచీర నేశాడు. ఊళ్ళో ఎందరి పెళ్ళిళ్ళకో నేసిన మనిషికి సొంత బిడ్డ పెళ్ళికి నేయడం అదే మొదలు. చీర చివర అదే పూవుతో జాకెట్టు ముక్క కూడా నేశాడు. "బిడ్డ పీటల మీద గూసున్నప్పుడు చీర, రైక ఒక్కతీరుగ కనవడాలె" అని అమ్మతో రోజూ అనేవాడు. అంతకు మించి ఆయన పెళ్ళి గురించి ఏమీ కోరలేదు.

నా బాధ వేరే. నిశ్చితార్థం ఫోటోలో నా పక్కన నిలబడ్డ అమ్మ నాకు చెల్లెల్లా కనిపించింది. ఆ ఫోటో చూసిన పొద్దునే జాకెట్టు ముక్క పట్టుకుని పక్కింటి ఖాలా (ఉర్దూలో పిన్ని) దగ్గరకు వెళ్ళాను. మా వాడకట్టులో ఆడవాళ్ళందరికీ ఆమే కుట్టేది.

"ఖాలా, కొలత రెండంగుళాలు తక్కువ వెయ్యి."

"గదెవరి కొలతనే?"

"నాదే. పెళ్ళినాటికి నాది."

ఖాలా టేపు మెడలో వేసుకుని నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "నేను ఉన్న మనిషికి కుడత బేటీ. రాబోయే మనిషికి ఎన్నడు కుట్టలే. జర సోంచాయించు."

"రంజాన్ నెలంత మీతోని రోజా ఉంట. ఎట్ల తగ్గనో చూస్త."

"రోజా సన్నబడనీకి గాదే పిచ్చిదానా!" అని కసిరింది గానీ, పక్కింటి పిల్ల తమతో ఉపవాసం ఉంటానంటే ఆమె ముఖం విప్పారింది. కత్తెర పడింది. లోపల బట్ట వదిలితే ఉబ్బెత్తుగా కనిపిస్తుందని, కుట్టు పక్కన పోగు కూడా మిగల్చవద్దని నేనే ఉచిత సలహా ఇచ్చాను.

ఇక రోజాలు మొదలయ్యాయి. తెల్లవారక ముందే ఖాలా ఇంట్లో ఖిచిడీ, ఖీమా. దినమంతా తినం కదా అని రెండు దినాలకు సరిపడా తినేదాన్ని. ఖాలా కూతురు (నేను ఆపా అనేదాన్ని, అంటే అక్క) ఆ తర్వాత దవాఖానలో నర్సు డ్యూటీకి వెళ్ళిపోయేది. నేను ఇంటికొచ్చి చాప మీద వాలేదాన్ని. అంతకు ముందు బాపుకు నేతకు కావలసిన దారం కండెలు చుట్టిపెట్టేదాన్ని, అదీ మానేశాను. ఉపవాసం కదా, ఓపిక దాచుకోవాలి! పొద్దుగూకాక ఖర్జూరాలు, పకోడీలు, షర్బత్, హలీం. (హలీంలో గోధుమలు, పప్పులు ఉంటాయి. ఖర్జూరం పండే కదా. అన్నీ ఆరోగ్యానికి మంచివే!) అక్కడి నుంచి ఇంటికి రాగానే అమ్మ, "పొద్దంత ఉపాసమున్నది నా బిడ్డ" అని నెయ్యి పూసిన జొన్నరొట్టెలు ముందు పెట్టేది. అమ్మ మనసు కష్టపెట్టడం ఎందుకని అవీ తినేదాన్ని. పగలు తినలేదు కాబట్టి రాత్రి తిన్నది లెక్కలోకి రాదని నా శాస్త్రం.

పండుగ అయ్యాక గాజుల కోసం ఆపాతో నార్కట్‌పల్లి వెళ్ళాను. బస్టాండులో బరువు చూసే మిషన్ ఎక్కాను. చీటీ బయటికొచ్చింది. నాలుగు కిలోలు పెరిగాను! వెనక, "మీ శ్రమకు తగిన ఫలితం లభించును" అని జ్యోతిష్యం.

"మిషన్ ఖరాబైంది," అన్నాను.

ఆపా ఎక్కి చూసుకుంది. ఆమెది ఎప్పటంతే ఉంది. "మిషన్ మంచిగనే ఉన్నది. నేను పొద్దంత వార్డుల తిరుగుతుంటి, నువ్వు చాప మీద పొర్లుతుంటివి. కదలకుంటే ఒంట్ల ఖర్చేముంటది? రెండిండ్ల బువ్వ లోపలికి పంపితే, కరువుకు గింజలు దాసినట్టు దాసుకుంటది. కాలేజీల గిదే చదివినవు గదనే?"

ఇంటికి రాగానే జాకెట్టు తొడిగి చూశాను. దాని చేతులు నా మోచేతి దగ్గరే ఆగిపోయాయి. అమ్మ ఒక పక్క, ఖాలా ఒక పక్క గుంజారు. అది పైకి పోదు, కిందికి రాదు. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. "ఆయనకేమని చెప్పాలె?"

మర్నాడు కీరదోస ముక్కలు తప్ప ఏమీ ముట్టనని పట్టుపట్టాను. సాయంత్రానికి కళ్ళు తిరిగి పడ్డాను. ఆపా నెత్తిన మొట్టి, పొద్దున అంబలి, మధ్యాహ్నం రొట్టె, తోటకూర, పప్పు, పొద్దుగూకక ముందే ఇంత అన్నం అని తేల్చి చెప్పింది. మళ్ళీ కండెలు చుట్టాను. మెల్లగా, తొందరేమీ లేనట్టు, బరువు తగ్గడం మొదలైంది. శ్రావణానికి మాత్రం తొందర ఉంది. పెళ్ళి దగ్గరపడేసరికి జాకెట్టు భుజాల దాకా ఎక్కింది గానీ, హుక్కులు ఒకదాన్నొకటి దూరం నుంచే చూసుకున్నాయి.

బాపుకు చెప్పక తప్పలేదు. ఆయన జాకెట్టును వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు. అరుస్తాడనుకున్నాను. మగ్గం మీద చీర కోసాక కాస్త పడుగు దారం మిగిలి ఉంది. మగ్గం గుంటలోకి దిగి, అమ్మను అడిగాడు: "నీ బిడ్డ గింతేనా, ఇంక పెరుగుతదా? జెప్పు, గంతకు నేస్త."

అమ్మ కంటే ముందు, మాకు తోడొచ్చిన ఖాలా అందుకుంది. "కొలత ఖరారు జెయ్యకు భాయీ. జర ఎక్కువనే నెయ్యి."

బాపు అదే పూవుతో రెండు పట్టీలు నేసిస్తే, ఖాలా వాటిని జాకెట్టు చంకల కింద అతికింది. పెళ్ళిలో నేను చేతులు ఒంటికి అంటించుకుని బొమ్మలా కూర్చున్నాను. కానీ తలంబ్రాల వేళ చేతులెత్తక తప్పుతుందా? దోసిట్లో బియ్యంతో నేను బిగుసుకుపోతే, సిగ్గనుకుని అందరూ నవ్వారు. కళ్ళు మూసుకుని ఎత్తాను. కుట్టు ఆగింది. మా ఆయన తల మీద బియ్యం కుమ్మరించాను.

"గా చంకల పట్టీ కొత్త ఫ్యాషనా? ఎక్కడ కుట్టించిన్రు?" అడిగింది మా ఆడబిడ్డ.

"హైదరాబాద్ కటింగ్," అంది ఖాలా, తడుముకోకుండా.

బాపు మాత్రం నా ముఖం కేసి చూడటం లేదు. తల పక్కకు వంచి, అతుకు దగ్గర పూవు కలిసిందా లేదా అని చూస్తున్నాడు. "ఒక్క యేలంత తప్పింది," అని అమ్మతో గొణిగాడు. ఆ మాట విని నేను ఏడ్చాను. అప్పగింతల బెంగ అనుకున్నారు అందరూ.

చేతులు ఎత్తడానికి భయపడుతూ కూర్చున్న ఆ పిల్ల ఇప్పుడు నాకు ఎదురైతే, ముందు కూర్చోబెట్టి కడుపునిండా ఇంత అన్నం పెడతాను. మొట్టికాయ ఆ తర్వాత.