ఇషాక్ కోసిన ‘ర’

వినుకొండ చుట్టుపక్కల మిర్చి బస్తాల మీద రైతుల పేర్లు సన్నగా, మూలలు తేలి కనిపిస్తాయి. ఆ అక్షరాలు ఇషాక్‌వి. నలభై ఏళ్లుగా ఆయన రేకులో ఉలితో పేర్లు కోస్తున్నాడు. రేకును బస్తా మీద పెట్టి సిరాగుడ్డ అద్దితే పేరు పడుతుంది. రేకులో గుండ్రం తిప్పితే ఉలి జారుతుంది, అందుకని వంపులన్నీ విరిచాడు. గోనె సిరా తాగి గీతను ఉబ్బిస్తుంది, అందుకని గీతను సన్నం చేశాడు. తెలుగు అక్షరం ఆయన చేతిలో ఎండిన పత్తికట్టెలా తేలింది. ఆకు లేదు, అన్నీ కణుపులే.

‘ర’ కోస్తే నడిమి ముక్క ఊడి పడిపోతుంది. దాన్ని పట్టి ఉంచడానికి సన్నటి రేకు పట్టీ ఒకటి వదలాలి. అందరూ కింద నిలువుగా వదులుతారు. ఇషాక్ ఎడమ పక్కన ఏటవాలుగా వదులుతాడు. ఆ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. నిరుడు ఎవడో రంగు పోయిన తాలుకాయ బస్తాల మీద మంచి రైతు పేరు అచ్చేసి అమ్మబోతే, పట్టీ కింద నిలువుగా ఉండడం చూసే ఇషాక్ అది దొంగ అచ్చని తేల్చాడు. దొరికిన దొంగ రేకు ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఒంగోలు నుంచి భవ్య వచ్చింది. పోస్టర్లకు, బోర్డులకు అక్షరాలు గీసే పిల్ల. ఈ అక్షరాలతో కంప్యూటర్లో వాడుకునే ఫాంటు చేస్తానంది.

“బస్తాలతో పని లేదా నీకు?”

“లేదండీ. అక్షరాలే.”

ఉత్త అక్షరాల కోసం ఇంత దూరం ఎవరొస్తారు? ఆమె ఫోను ఎటు తిరిగితే అటు ఇషాక్ కళ్లు తిరిగాయి.

“టీ కూడా తాగలేదు, ఫొటోలే ఫొటోలు. ఎవరు పంపారో ఏమో” అన్నాడు భార్య జానీబీ చెవిలో.

“నీకు నీ నీడ మీద కూడా అనుమానమే” అంది జానీబీ.

అక్షరాలన్నీ ఇచ్చాడు. ‘ర’ దగ్గర చెయ్యి ఆగింది. లోపలికెళ్లి, దొంగ రేకులోని ‘ర’ ముక్కను కత్తిరించి తెచ్చి ఇచ్చాడు.

నెల తర్వాత భవ్య వచ్చి పెద్ద కాగితం పరిచింది. ఒక కారం కొట్టు బోర్డుకు నమూనా. ‘ఎర్ర మిరప’. తెల్లటి కాగితం మీద గీతలు ఉబ్బలేదు, గాలిని కోసినట్టు నిలబడ్డాయి. తన అక్షరాలను గోనె లేకుండా చూడడం ఇషాక్‌కు అదే మొదలు. కింద చిన్నగా, ‘అక్షరాలు: ఇషాక్, వినుకొండ’. పైన మాత్రం రెండు చోట్లా దొంగ ‘ర’.

“ఈ ‘ర’ మిగతావాటికి చుట్టంలా లేదండీ. మీరు కోసిందేనా?” అంది భవ్య, ఆయన మొహం మీంచి చూపు తిప్పకుండా. ఇప్పుడు అనుమానం ఆమెది.

“చెప్పవేందయ్యా, పోలీసుల ముందు నిలబడ్డట్టు!” అంది జానీబీ.

అసలుది ఇస్తే పట్టీ గుట్టు ఊరూరా బోర్డుల మీదికెక్కుతుంది. ఇవ్వకపోతే తన పేరు పైన ఆ దొంగ చెయ్యి ఉండిపోతుంది. ఇషాక్ కాగితాన్ని చాలాసేపు చూశాడు. మంచం కింది పెట్టెలోంచి తన ‘ర’ తీశాడు.

“అది దొంగోడిది అమ్మాయ్. ఇదీ నాది. ఈ పట్టీ వంకరుందని సరిచెయ్యమాక.”

ఆమె ఆటో మలుపు తిరగగానే తలుపు దగ్గరికి వేసి, కొత్త రేకు తీసి ఉలి పట్టాడు. బస్తాల అచ్చుల్లో గుట్టు ఇంకో అక్షరంలోకి మారింది.

“ఏ అక్షరంలో పెట్టావు?” అంది జానీబీ.

ఇషాక్ ఉలి ఆపి ఆమెను ఎగాదిగా చూశాడు.

“ఎవరు అడగమన్నారు నిన్ను?”