కొండ మీద కనిపించిన బండి

ఆత్మకూరులో నేను తూకం చూసే దాణా కొట్టుకు ఒక చిన్న లారీ ఉండేది. పొద్దున బస్తాలతో ఉదయగిరి వైపు వెళ్లి సాయంత్రానికి ఖాళీగా తిరిగొచ్చేది. దాని డ్యాష్‌బోర్డు లోపల ఒక పెట్టె బిగించారు. అది ఉపగ్రహాల సంకేతాలు విని, తానెక్కడుందో లెక్కకట్టి, మా యజమాని ఫోన్‌కు పంపేది. ఫోన్‌లో బండి ఒక నీలం చుక్క. ఆయన అన్నం తింటున్నా ఆ చుక్క మీద ఒక కన్ను ఉండేది.

ఒక సాయంత్రం తిరిగొస్తూ ఆ చుక్క ఉదయగిరి దాటగానే రోడ్డు వదిలి కొండ మీదికి వెళ్లింది. కాసేపు అడవిలో నిలబడి మళ్లీ రోడ్డు మీదికి దిగింది. మరుసటి రోజూ అంతే. ఆ వారమంతా అంతే.

ఖాళీ బండి, అడవి, సాయంత్రం. మా ప్రాంతంలో ఈ మూడూ కలిస్తే ఎవరికైనా తట్టేది ఎర్రచందనమే. యజమాని ఆ మాట పైకి అనలేదు. కానీ బండి తిరిగిరాగానే దాని వెనక తొట్టిలోకి వంగి ఎర్ర చెక్కపొట్టు కోసం వెతకడం నేను చూశాను. హమాలీలు కూడా చూశారు.

డ్రైవరు నాకు చిన్ననాటి స్నేహితుడు. ఉదయగిరిలో మాదీ వాళ్లదీ ఒకే వీధి. వాళ్ల నాయన చెక్క గరిటెలు చెక్కేవాడు.

యజమాని పెట్టెలమ్మే మనిషిని నెల్లూరు నుంచి పిలిపించాడు. అతను ఫోన్ చూసి తేలిగ్గా నవ్వాడు.

"సిగ్నల్ మారిపోయింది సార్. పైన కొత్త శాటిలైట్లు వచ్చినాయి. ఈ పాత పెట్టెకు అవి అర్థం కావు. కొత్తది పెట్టుకోవాల."

నాకు ఆ నవ్వు మీద అనుమానం వచ్చింది. సరుకు అమ్ముకునేవాడు పాత సరుకు పనికిరాదనక ఇంకేమంటాడు? నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణే గాని, శాఖా గ్రంథాలయంలో కుర్చీ ఖాళీగా ఉంచినవాణ్ణి కాను. ఆ ఆదివారం విజ్ఞాన పత్రికల పాత సంచికలన్నీ దించి చదివాను. ఒక్కో దేశం తన ఉపగ్రహాలు తాను ఎగరేసుకుంది. మన దేశానికీ ఉన్నాయి. కొత్త సంకేతాలు చేరిన మాట నిజం. వాటిని వినాలంటే పరికరంలో తగిన ఏర్పాటు ఉండాలి, అదీ నిజం. అయితే పాత సంకేతాన్ని ఆపలేదు. నిన్నటిదాకా దాన్ని విన్న పెట్టె ఇవాళా వినగలదు.

సోమవారం కొట్లో అందరూ ఉండగా ఈ సంగతి విడమరిచి చెప్పాను. "సిగ్నల్ మారలేదన్నా. పాతది అట్నే వస్తా ఉండాది. ఆయన పెట్టె అమ్ముకోను చెప్పిన మాట అది."

యజమాని ఫోన్‌లో చుక్కను మళ్లీ చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అంటే పెట్టె బాగుండాది. సిగ్నల్ బాగుండాది. అంతేనా?"

"అంతే అన్నా."

"అయితే బండి కొండెక్కింది నిజమే గదా."

హమాలీల్లో పెద్దాయన బీడీ పారేసి నా వైపు చూశాడు. గేటు దగ్గర టైర్లకు గాలి చూస్తున్న డ్రైవరు తలెత్తలేదు. మా మాటలు అతనికి వినబడే ఉంటాయి.

"నెలాఖరుకు ఇంకొకణ్ణి చూసుకుంటా" అన్నాడు యజమాని, నాకు మాత్రమే వినబడేట్టు. "పోలీసుల దాకా నేను పోను. వాడూ పిల్లలు గలవాడు."

ఆ మాట బయటికి పొక్కితే ఉదయగిరిలో, దుత్తలూరులో ఏ యజమానీ అతని చేతికి తాళాలివ్వడు. అది తెలిసీ నాకు నిద్రపట్టనిది ఇంకో కారణానికి. ఏమో, నిజంగానే వెళ్తున్నాడేమో. ఈ మధ్య కొత్త చెప్పులేసుకున్నాడు. అనుమానం వచ్చేదాకా నాకు ఆ చెప్పులే కనబడలేదు.

మరునాడు ఉదయగిరిలో మా అవ్వను చూసొస్తానని చెప్పి బండెక్కాను. అతను పక్కకు తిరిగి నన్ను చూశాడు.

"అవ్వను చూసేదానికా, నన్ను చూసేదానికా?"

"నోరు మూసుకోని నడుపు రా."

"పైన దుంగలు పేర్చి పెట్టుండా. నువ్వో చెయ్యెయ్యి" అన్నాడు. నవ్వలేదు.

తిరుగు ప్రయాణంలో కొండ కిందుగా వస్తున్నాం. బండి తారు రోడ్డు మీదే ఉంది. నా ఫోన్‌లో మ్యాపు చూశాను, నా చుక్క రోడ్డు మీదే ఉంది. అప్పుడే యజమాని ఫోన్ చేశాడు.

"యాడుండారబ్బా?"

"రోడ్డు మీదుండామన్నా."

"నువ్వు గూడానా!" అని పెట్టేశాడు.

ఒకే సీటు మీద ఇద్దరం. నా ఫోన్‌లో నేను రోడ్డు మీద ఉన్నాను, యజమాని ఫోన్‌లో అతను కొండ మీద ఉన్నాడు. బండి ఆపమన్నాను. ఎప్పటి నుంచి ఇట్లా అవుతోందని అడిగాను. ఆలోచించి, "అన్నోళ్లమ్మ ఈ రేకు పెట్టిన శుక్రవారం కాణ్ణించి" అన్నాడు.

డ్యాష్‌బోర్డు మీద చదరపు రాగి రేకు ఉంది. సోమశిల దగ్గర ఒకసారి బండి పల్టీ కొట్టబోయి తప్పింది. అప్పుడు యజమాని తల్లి ఎక్కడో పూజ చేయించిన యంత్రం తెచ్చి, తన చేత్తోనే అంటించి, పసుపు పూసింది. సరిగ్గా దాని కిందే పెట్టె ఉంది. ముందు అద్దంలోంచి వచ్చే సంకేతాన్ని లోహం ఆపుతుంది, ఇది నేను చదివిందే. మైదానంలో పక్క అద్దాల్లోంచి వచ్చే కొద్దిపాటి సంకేతంతో ఆ పాత పెట్టె ఎట్లాగో నెట్టుకొచ్చింది. ఇక్కడ, తిరిగొచ్చేటప్పుడు, పెట్టె ఉన్న పక్కనే కొండ ఆకాశాన్ని సగం మూసేస్తుంది. కొన్ని ఉపగ్రహాలనే వినగలిగే పెట్టె ఇక అడ్డదిడ్డంగా లెక్కకడుతోంది. నా ఫోన్ అన్ని దేశాలవీ వింటుంది కాబట్టి దానికి బాధ లేదు.

"దీన్ని తీసి చూద్దాం."

"నేను తియ్యను" అన్నాడు. "తురకోడు దేవుడి రేకు పీకినాడంటే కొండెక్కడం కన్నా పెద్ద నేరం నాకు."

స్క్రూడ్రైవరుతో నేనే లేపి పట్టుకున్నాను. యజమానికి ఫోన్ చేసి చూడమన్నాను. "రోడ్డు మీదికొచ్చింది" అన్నాడాయన. రేకు మళ్లీ పెట్టాను. "ఏందిరా, మళ్లీ పైకి పోతుండాది!"

కొట్టుకు చేరాక ఆయన్ను పక్కకు పిలిచి చెప్పాను. స్నేహితుణ్ణి కాపాడటానికి అల్లిన కథేమోనని ముందు నా వైపే అనుమానంగా చూశాడు. మరుసటి రోజు తానే బండెక్కి వెళ్లి, రేకు ఎత్తి దించి, సాయంత్రం వచ్చి నాతో అన్నాడు. "అమ్మ పెట్టింది తీసేది లేదు. దానివల్ల ఇట్లయిందని ఆమె చెవిన పడకూడదు. కొత్త పెట్టె తెప్పిస్తా. అన్ని శాటిలైట్లూ వినేది."

పెట్టెలమ్మే మనిషి మళ్లీ వచ్చాడు. అదే నవ్వు. కొత్తది బిగించాక రేకు ఉన్నా చుక్క రోడ్డు దిగలేదు. యజమాని హమాలీలందరికీ వినబడేట్టు ప్రకటించాడు. "సిగ్నల్ మారిందంట. అందుకే పాతది తప్పు చూపించింది. మనోడి తప్పేం లేదు."

పెద్ద హమాలీ నా కాటా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మిగతావాళ్లూ బస్తాలు దించి చూస్తున్నారు. డ్రైవరు స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు, ఇంజను వేయలేదు.

"లైబ్రరీలో చదివినాను, సిగ్నల్ మారలేదంటివే" అన్నాడు పెద్దాయన. "మారకపోతే వాడు కొండెక్కినట్టే. ఏందబ్బా, మారిందా, మారలేదా?"

యజమాని నన్నే చూస్తున్నాడు. రేకు సంగతి చెప్పడానికి లేదు.

"మారింది" అన్నాను. "నేను చదివింది పాత పుస్తకం."

పెద్దాయన కాసేపు నా మొహం చదివాడు. తర్వాత బస్తా భుజానికెత్తుకుంటూ, "పాపం, వాణ్ణి ఉత్తపుణ్యానికి అనుకుంటిమి" అన్నాడు. ఇంజను మోగింది. నా స్నేహితుడు ఆ బండి ఇప్పటికీ నడుపుతున్నాడు.

మధ్యాహ్నం పూట హమాలీలకు పేపరు చదివి వినిపించడం నా అలవాటు. ఇప్పుడు పేజీ తిప్పగానే పెద్దాయన అడుగుతాడు, "ముందు తారీకు చూడబ్బా, ఇదీ పాతదేమో." అందరూ నవ్వుతారు. నేను తారీకు చదివి, అప్పుడు వార్తలు మొదలుపెడతాను.